పీఎస్‌ఎంఏ స్కాన్: గాలియమా, ఫ్లోరినా?

ప్రోస్టేట్ కేన్సర్ కణాల మీద ఎక్కువగా ఉండే పీఎస్‌ఎంఏ అనే ప్రోటీన్‌కి అతుక్కునే రేడియోధార్మిక మందు ఎక్కించి, జబ్బు ఎక్కడెక్కడుందో చూసేదే పీఎస్‌ఎంఏ పెట్ స్కాన్. అది రాశారనగానే అందరూ అడిగేది ఒకటే: మందులో రేడియోధార్మిక పదార్థం ఏది ఉండాలి, గాలియం-68తో తీయించాలా, ఫ్లోరిన్-18 రకం పీఎస్‌ఎంఏ-1007తోనా? రేటు సంగతి పక్కన పెడదాం, అది సెంటర్‌ని బట్టి మారుతుంది.

ఫ్లోరిన్‌కి బలమైన వాదనే ఉంది. గాలియం రేడియోధార్మికత 68 నిమిషాలకే సగమైపోతుంది, ఫ్లోరిన్‌కి 110 నిమిషాలు పడుతుంది. కాబట్టి సైక్లోట్రాన్‌లో (ఫ్లోరిన్-18 తయారుచేసే యంత్రం) ఒకసారి తయారుచేస్తే దూరపు సెంటర్లకీ పంపొచ్చు. పైగా పీఎస్‌ఎంఏ-1007 ఒంట్లోంచి ఎక్కువగా కాలేయం దారిన పోతుంది. గాలియం మూత్రంలోకి దిగి బ్లాడర్ ధగధగా వెలుగుతుంది, ఆపరేషన్ చేసిన చోటే చిన్న మచ్చేదైనా ఉంటే ఆ వెలుగులో కనబడకపోవచ్చు. లేసిక్స్ (మూత్రం ఎక్కువగా వచ్చే మందు) ఇచ్చి, మూత్రం పోసి రమ్మనేది అందుకే.

అయినా నా దృష్టిలో తేల్చాల్సింది బ్లాడర్ కాదు, ఎముక. 1007 స్కాన్లలో పక్కటెముకల మీద చిన్న చిన్న చుక్కలు కనబడటం మామూలే, వాటిలో చాలావరకు కేన్సర్ కాదు. కానీ రిపోర్టులో 'ఎముకలో అనుమానాస్పదం' అని ఒక్క మాట పడితే ఇంటిల్లిపాదికీ టెన్షన్, ఆ పైన ఎంఆర్‌ఐ, ఒక్కోసారి బయాప్సీ. జబ్బు గ్రంథి దాటిందా లేదా అన్నదాని మీదే ఆపరేషనా, రేడియేషనా, హార్మోన్ ఇంజెక్షన్లా అనేది ఆధారపడి ఉన్నప్పుడు ఆ సందిగ్ధం చిన్నది కాదు. అందుకే కొత్తగా జబ్బు బయటపడినవాళ్లకి నా ఓటు గాలియానికే. 2020లో వచ్చిన ప్రోపీఎస్‌ఎంఏ ట్రయల్‌లో సీటీ, బోన్ స్కాన్ కలిపితే 65 శాతం వచ్చిన కచ్చితత్వం 92కి చేరింది గాలియం స్కాన్‌తోనే. ఆపరేషన్ తరవాత పీఎస్‌ఏ (ప్రోస్టేట్ జబ్బుకి చేసే రక్తపరీక్ష విలువ) కొద్దికొద్దిగా పెరుగుతుంటే మాత్రం 1007 మంచిదే, ఆ పక్కటెముకల చుక్కల సంగతి బాగా తెలిసిన డాక్టర్ రిపోర్టు రాస్తే.

అమెరికాలో ఉన్నవాళ్లకి తరచూ చేసే పైలారిఫై కూడా ఫ్లోరినే, కాకపోతే అది మూత్రం దారినే పోతుంది. పెట్ కాకుండా మామూలు గామా కెమెరాతో తీసే టెక్నీషియం పీఎస్‌ఎంఏ స్కాన్ పెట్ దొరకని ఊళ్లో ఫరవాలేదు, కానీ చిన్న మచ్చలు తప్పిపోతాయి.

లుటీషియం వైద్యం (పీఎస్‌ఎంఏకి అతుక్కుని కేన్సర్ కణాలని చంపే రేడియోధార్మిక మందు) పనికొస్తుందా అని చూడటానికి గాలియమైనా ఫ్లోరినైనా సరే. కాకపోతే మొదటి స్కాన్ దేనితో తీశారో తరవాతివీ దానితోనే తీయించండి, లేదంటే ముందూ వెనకా పోల్చడం కష్టం.