చెన్నైలో రెండు రాత్రులు: సీటు వేట, లాడ్జి బిల్లు

కార్మిక చట్టాలు, పారిశ్రామిక సంబంధాలలోనే పీజీ చేస్తానని మా అమ్మాయి పట్టుబట్టడంతో, కాలేజీలను కళ్ళారా చూసి తేల్చుకుందామని ముగ్గురం నెల్లూరు నుంచి చెన్నై వెళ్ళాము. పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో ప్రయాణం సుఖంగానే సాగింది.

ఎగ్మోర్‌లో లాడ్జి రోజుకు 1,400 రూపాయలని ఫోనులో చెప్పారు. గదిలో దోమలు, గోడకు చెమ్మ. మా ఆవిడ ఆ రాత్రి నుంచి నాతో మాట్లాడలేదు. నీళ్ళు తెచ్చిన సూళ్ళూరుపేట కుర్రాడు పొద్దున ఐదింటి నుంచి రాత్రి పదకొండు దాకా పనిచేస్తాడట, వారానికొక సెలవైనా లేదట. మా అమ్మాయి నోట్‌బుక్ తీయగానే, "రాయొద్దక్కా, ఉద్యోగం పోతుంది" అన్నాడు.

మర్నాడు 720 రూపాయల క్యాబ్‌లో శివార్లలోని ఒక ప్రైవేటు కాలేజీకి వెళ్ళాము. ఫీజుల కాగితంలో పరిశ్రమల సందర్శనకు 18,000 ఉంది. ఏ పరిశ్రమ అని అడిగితే ఊటీలో టీ ఫ్యాక్టరీ అన్నారు. 29 కేంద్ర కార్మిక చట్టాలను కలిపిన 4 కోడ్‌లను ఏ పేపరులో బోధిస్తారని మా అమ్మాయి అడిగితే, కౌన్సెలర్ అదంతా ఆన్‌లైన్‌లో ఉంటుందని చెప్పి, సీటు ఉండాలంటే ఇవాళే 25,000 కట్టమన్నాడు. ఎంబీఏ హెచ్ఆర్ (మానవ వనరులు) అనే బోర్డు చూసి డబ్బు కట్టకండి. ముందు సిలబస్ అడగండి. ఫ్యాక్టరీల చట్టం 1948 ప్రకారం 500 మంది, అంతకు మించి పనిచేసే ఫ్యాక్టరీలో సంక్షేమ అధికారి ఉండాల్సి వచ్చేది, ఆ 4 కోడ్‌లలో ఒకటైన 2020 నాటి వృత్తి భద్రత కోడ్ ఆ సంఖ్యను 250కి దించింది. ఆ ఉద్యోగానికి ఈ డిగ్రీ చెల్లుతుందో లేదో కాగితం మీద రాసిమ్మని అడగడం ఇంకా మంచిది.

1952లో మొదలైన మద్రాస్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ మాకు నచ్చింది. కార్మిక నిర్వహణలో బీఏ, ఎంఏ నడిపే తమిళనాడు ప్రభుత్వ కార్మిక అధ్యయన సంస్థ ఇంకా నచ్చింది, ఎందుకంటే అక్కడ చదువంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది. 1918లో దేశంలోని తొలి కార్మిక సంఘాలలో ఒకటైన మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టిన ఊరిలోనే ఇది చదవాలని మా అమ్మాయి తేల్చేసింది.

గది ఖాళీ చేసేటప్పుడు 2,800 కావలసిన బిల్లు 3,700 అయింది: మూడో మనిషికి 600, వేడినీళ్ళకు 300. మా అమ్మాయి ఆ రెండింటికీ విడివిడిగా రసీదు రాసిమ్మంది. మేనేజరు కాసేపు ఆమెను చూసి, బిల్లులో వేడినీళ్ళ 300 కొట్టేశాడు.

రైలెక్కాక మా ఆవిడ నోరు విప్పింది: "ఆ 600 కూడా అడగాల్సింది."