డాలీ పార్టన్ పుట్టిన కొండల్లో రెండు రోజులు

అట్లాంటా నుంచి అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో ఉన్న పీజన్ ఫోర్జ్‌కి కారులో నాలుగు గంటలు పట్టింది. పిల్లలు అక్కడి డాలీవుడ్ అనే థీమ్ పార్కులో రైడ్స్ ఎక్కడానికి వచ్చారు, నేను వచ్చింది ఆ పార్కుకి పేరిచ్చిన అమెరికన్ కంట్రీ గాయని డాలీ పార్టన్ కోసం.

ముందు బస సంగతి. కొండ మీద క్యాబిన్ తీసుకున్నాం. పొద్దున్నే వరండాలోంచి స్మోకీ కొండల మీద మంచు చూస్తుంటే కదలబుద్ధి కాలేదు. కానీ దారి నిటారుగా ఉంది, చీకట్లో ఎక్కేసరికి అందరికీ టెన్షన్. ఇద్దరి స్నానాలకే వేడినీళ్లు అయిపోయాయి. ఫోన్ చేస్తే మర్నాడు మధ్యాహ్నానికి గానీ మనిషి రాలేదు. పెద్దవాళ్లతో వెళ్తే కింద మెయిన్ రోడ్డు మీద హోటలే నయం.

డాలీవుడ్‌లో శనివారం జనం బాగా ఉన్నారు. గ్రిస్ట్ మిల్‌లో (పిండిమరలో) దాల్చినచెక్క బ్రెడ్ కోసం నలభై నిమిషాలు నిలబడ్డాం. వేడివేడిగా చేతికొచ్చాక ఆ విసుగు పోయింది.

నేను ఎక్కువసేపు ఆగింది డాలీ చిన్ననాటి ఇంటి నమూనా దగ్గర. కట్టింది ఆమె అన్నదమ్ముల్లో ఒకరు, లోపల సర్దింది వాళ్లమ్మ. గోడలకి పాత పేపర్లు అంటించి ఉన్నాయి. ఇంత చోటులో పన్నెండుమంది పిల్లలు! డాలీ నాలుగోది. 1946లో ఆమెకి పురుడు పోసిన డాక్టరుకి ఫీజుగా మొక్కజొన్న పిండి బస్తా ఇచ్చారట. ఆయన పేరుతో పార్కులో చర్చి కూడా ఉంది. మన ఇళ్లలో బొంత కుట్టినట్టు పేలికలు కలిపి అమ్మ కుట్టిన కోటు వేసుకుని డాలీ బడికెళ్తే తోటిపిల్లలు నవ్వారు. 1971లో వచ్చిన ఆమె పాట ఆ కోటు గురించే. ఆ పాట వినే నేను ఇంత దూరం వచ్చాను. 1964లో హైస్కూల్ చదువు పూర్తయిన మర్నాడే ఆమె కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్ వెళ్లిపోయింది.

తిరుగు ప్రయాణానికి ముందు పక్కనే ఉన్న సెవియర్‌విల్ ఊళ్లో కోర్టు దగ్గర ఆగాం. టికెట్ లేదు. రాతి మీద గిటారుతో కూర్చున్న డాలీ విగ్రహం, కాళ్లకి చెప్పుల్లేవు. వాళ్ల నాన్నకి చదవడం రాదు. పసిపిల్లలకి నెలనెలా ఉచితంగా పుస్తకాలు పంపే పథకం ఆమె 1995లో మొదలుపెట్టింది అందుకే. ఆయన రాత్రిపూట బకెట్‌లో సబ్బునీళ్లు తెచ్చి ఈ విగ్రహం మీది పావురాల రెట్టలు కడిగేవాడని ఆమె చెప్పింది. మా పాప విగ్రహం పాదాల మీద చెయ్యి వేసి ఫొటో దిగింది. ఆదివారం పొద్దున కాబట్టి పార్కింగ్ కూడా వెంటనే దొరికింది.