బాత్‌లో రీజెన్సీ గౌను: అద్దె షాపా, కుట్టేవాళ్ల ఇల్లా?

ఇంగ్లండ్‌లోని బాత్‌లో ఏటా సెప్టెంబరులో నవలా రచయిత్రి జేన్ ఆస్టిన్ పేరిట జేన్ ఆస్టిన్ ఫెస్టివల్ జరుగుతుంది. 1800ల తొలినాళ్ల, అంటే రీజెన్సీ కాలపు దుస్తులు వేసుకుని వందలమంది వీధుల్లో నడిచే ఊరేగింపే దానికి ప్రాణం. అందరూ గౌను గురించే ఆలోచిస్తారు. కానీ రోజంతా హాయిగా ఉంటామా, ఎప్పుడెప్పుడు విప్పేద్దామా అని చూస్తామా అన్నది లోపల మొండానికి తాడుతో బిగించి కట్టుకునే కార్సెట్ మీదే ఉంటుంది.

వీలైతే బాత్‌కి ముందు మార్కెట్ హార్బరో అనే ఊరికి వెళ్లండి. లండన్ సెయింట్ పాంక్రస్ నుంచి రైల్లో గంట ప్రయాణం. ఒకప్పుడు సిమింగ్టన్ కంపెనీ కార్సెట్లు కుట్టించిన ఫ్యాక్టరీ భవనంలోనే ఇప్పుడు మ్యూజియం, లైబ్రరీ ఉన్నాయి. ఆ కంపెనీ 1890 ప్రాంతంలో ఇంటిపని చేసే అమ్మాయిల కోసం 'ప్రెట్టీ హౌస్‌మెయిడ్' అని ఒక చవక రకం అమ్మింది. గుడ్డ మడతల మధ్య తాడు పెట్టి వరసగా కుట్టి దాన్ని గట్టిపరిచారు. పొద్దస్తమానం వంగుతూ లేస్తూ పనిచేసేవాళ్లు వేసుకున్న వస్తువది. కార్సెట్ అంటే ఊపిరాడకపోవడమే అన్న భయం నాకు అక్కడే సగం పోయింది.

బాత్‌లో మొదట ఒక అద్దె షాపుకి వెళ్లాం. చిన్నది, మధ్యరకం, పెద్దది, అంతే సైజులు. రీజెన్సీ గౌనుకి తోడుగా నడుము బిగించే విక్టోరియన్ కార్సెట్, అంటే ఆ తర్వాతి కాలపుది, చేతిలో పెట్టారు. రెండింటికీ పొంతనే లేదు. రీజెన్సీ గౌనుకి నడుము గీత రొమ్ము కిందే ఉంటుంది. అక్కడ కార్సెట్ చేయాల్సిన పని రొమ్ముని పైకెత్తి నిలపడం, వీపుని నిటారుగా ఉంచడం. నడుము సన్నగా చేయడం దాని పని కాదు. నాది పొట్టి మొండెం కావడంతో కూర్చోగానే కింది అంచు తొడల్లో గుచ్చుకుంది, పై అంచు గొంతు దాకా వచ్చింది. తిరిగిచ్చేస్తే డిపాజిట్‌లో కోత పెట్టారు.

ఇంటి దగ్గర కుట్టే ఒకావిడ దగ్గర మాత్రం ప్రతి పౌనుకీ న్యాయం జరిగింది. పల్చటి నూలు షిఫ్ట్ (కార్సెట్ కింద వేసుకునే వదులు చొక్కా) వేయించి, దాని మీదే కొలతలు తీసింది. చెక్క కుర్చీలో కూర్చోబెట్టి చంక కింద నుంచి ఒడి దాకా కొలిచింది. నన్నడిగితే అన్నిటికన్నా ముఖ్యమైన కొలత అదే, షాపులో ఎవరూ అడగనిదీ అదే. రొమ్ముల మధ్య నిలువుగా సన్నటి చెక్క బద్ద దూర్చి, వెనక ఒకే తాడుని కింది నుంచి మెలికలుగా ఎక్కించింది. వీపు మీద రెండంచుల మధ్య రెండు వేళ్ల సందు పైనుంచి కింది దాకా సమంగా ఉండాలట. కింద ఎక్కువ తెరుచుకుంటే తుంటి దగ్గర పట్టేస్తోందని అర్థం. నాకు అలాగే ఉంటే అక్కడ ముక్క వేసి కుట్టింది. "వదినా, పొట్ట లోపలికి లాక్కోకు, మామూలుగా ఊపిరి తీసుకో" అని పక్కనుంచి మా ఆడపడుచు. నిజమే, లంగా నాడాలాగే ఇదీ పొట్ట బిగబట్టి కడితే తర్వాత కోసేస్తుంది. బలంగా లాగితే ఫిట్టింగ్ రాదు, బట్టే పోతుంది. తాడు దూర్చే లోహపు కన్నాలకి పేటెంట్ వచ్చింది 1820ల్లో. అందుకే అంతకు ముందరి రీజెన్సీ నమూనాల్లో చేత్తో కుట్టిన కన్నాలే ఉంటాయి.

బస విషయానికొస్తే, స్టేషన్ దగ్గర గదులు చవక. నేను మాత్రం 'సర్కస్' అని పిలిచే గుండ్రటి ఇళ్ల వరస వైపు పైనున్న బెడ్ అండ్ బ్రేక్‌ఫస్టే మంచిదంటాను. అక్కడికి ఎక్కే గే స్ట్రీట్ ఎత్తు బాగానే ఉంటుంది గానీ, మధ్యాహ్నం ఓసారి గదికొచ్చి తాడు వదులు చేసుకోవచ్చు. వెనక తాడు కట్టడానికి ఇంకో మనిషి కావాలి కాబట్టి ఒంటరిగా వెళ్లేవాళ్లు ముందు తాళ్లున్న రకం కుట్టించుకోండి. అసెంబ్లీ రూమ్స్‌లోని ఫ్యాషన్ మ్యూజియం 2022లో మూతపడింది, దాని కోసమని ప్లాన్ వేసుకోకండి. ఫిట్టింగ్‌కి ఎండాకాలంలోనే మాట్లాడుకోండి, గౌను కొలతలు కార్సెట్ వేసుకున్నాకే ఇవ్వండి.