కెన్సల్ గ్రీన్ శ్మశానవాటిక: బ్రౌన్ సమాధిని చూడబోయేవారికి

లండన్‌కు వచ్చే తెలుగువారు బ్రిటిష్ మ్యూజియంలోని అమరావతి శిల్పాలను శ్రద్ధగా చూసి వెళతారు గానీ, అదే నగరంలో హారో రోడ్డును ఆనుకొని ఉన్న కెన్సల్ గ్రీన్ శ్మశానవాటిక దాకా వచ్చేవారు తక్కువ. వేమన పద్యాలను 1829లో అచ్చు వేయించి, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ సమాధి ఇక్కడే ఉంది. ఉద్యోగ విరమణ తరువాత లండన్ చేరి, యూనివర్సిటీ కాలేజీలో తెలుగు ఆచార్యులుగా కూడా ఉన్న ఆయన 1884 డిసెంబరు 12న కన్నుమూశారు.

చర్చి ఆవరణలు కొత్త శవాలకు చోటు చాలనంతగా నిండిపోయిన రోజుల్లో, 1833లో ఈ శ్మశానం తెరుచుకుంది. 72 ఎకరాల నేల, దక్షిణాన కాలువ, పెద్ద పెద్ద చెట్లు, వాటి నడుమ పాలరాతి దేవదూతలు, ఈజిప్టు గుడిని తలపించే సమాధి మందిరాలు. ఇప్పటికీ ఇక్కడ ఖననాలు జరుగుతూనే ఉన్నాయి కాబట్టి, అంత్యక్రియలకు వచ్చిన కుటుంబాలు ఎదురైనప్పుడు కెమెరా దించి పక్కకు తప్పుకోవడం మన కనీస ధర్మం.

నా మొదటి ప్రయత్నం ఫలించలేదు. ఒక వెబ్‌సైట్‌లో చూసిన పటాన్ని నమ్మి, గంటన్నర సేపు తడి గడ్డిలో తిరిగి, బ్రౌన్‌ను చూడకుండానే వెనుదిరిగాను. ఇక్కడ ప్రతి సమాధికీ ఒక సంఖ్య ఉంటుంది. దానిని ముందుగా తెలుసుకొని వెళ్లడం ఒక్కటే సరైన మార్గమని రెండోసారి అర్థమయింది. తీరా చేరుకున్నాక కనిపించేది నిరాడంబరమైన సమాధి. ప్రధాన మార్గం వెంట ధనవంతులు కట్టించుకున్న మందిరాలను దాటి వచ్చిన కళ్లకు అది మరీ చిన్నదిగా తోస్తుంది. అయినా కడపలో ఆయన బంగళా ఉన్న చోట నేడు నిలిచిన గ్రంథాలయాన్ని, ట్యాంక్‌బండ్ మీది విగ్రహాన్ని చూసిన నాకు, ఆ చిన్న రాతి ముందు గడిపిన అరగంటే ఎక్కువ విలువైనదిగా అనిపించింది. తాళపత్రాలను వెతికించి, పండితులకు జీతాలిచ్చి శుద్ధప్రతులు రాయించిన మనిషికి ఇంతకన్నా దగ్గరగా వెళ్లే చోటు మరొకటి లేదు.

రవీంద్రుని తాతగారైన ద్వారకానాథ్ ఠాగూర్ సమాధి కూడా ఇక్కడే ఉన్నది. కంప్యూటర్ ఊహకు ఆద్యుడైన చార్లెస్ బాబేజ్, ఇంజనీరు బ్రునెల్, నవలాకారుడు థాకరే సమాధులు కూడా ఇక్కడే ఉన్నాయి. థాకరే, బ్రౌన్ ఇద్దరూ కలకత్తాలో పుట్టి ఇదే నేలకు చేరారు.

స్వచ్ఛంద కార్యకర్తలు ఆదివారం మధ్యాహ్నాలు నడిపించే యాత్రను నేను గట్టిగా సిఫారసు చేస్తాను. చాపెల్ (శ్మశానంలోని ప్రార్థనా మందిరం) నుంచి శవపేటికను నేలమాళిగకు దింపే హైడ్రాలిక్ యంత్రం గురించీ, అక్కడ ఉంచే పేటికలకు సీసపు పొర తప్పనిసరి కావడం గురించీ వారు ఓపికగా వివరిస్తారు. అయితే ఆ యాత్ర బ్రౌన్ దగ్గర ఆగుతుందని అనుకోకుండా, ఆయన కోసం ఉదయమే వేరుగా సమయం పెట్టుకోవాలి. లండన్ భూగర్భ రైలు బేకర్లూ మార్గంలో కెన్సల్ గ్రీన్ స్టేషన్‌లో దిగితే కొద్ది నిమిషాల నడక. వాన కురిసిన మరునాడైతే నేల జారుతుంది. మంచి బూట్లు వేసుకొని, పెద్దవారి చెయ్యి పట్టుకొని నడిపించండి.