పాండవుల గుట్టల్లో ఒక రాత్రి, గంగాధర దారిలో మూతపడ్డ క్వారీ

సకినాల డబ్బా ఖాళీ కాకముందే పోవాలని మా బావ పట్టుబట్టాడు. డబ్బా నిండా సకినాలు, సంచిలో నువ్వుల లడ్డూలు ఉంటే గుట్ట దగ్గర పొద్దున్నే పొయ్యి ముట్టించే పని ఉండదని ఆయన లెక్క. అట్లా కనుమ తెల్లారి హనుమకొండ నుంచి కారులో ముగ్గురం బయల్దేరాం. నేను, మా బావ, ఇంటర్ రెండో ఏడు చదువుతున్న నా మేనకోడలు. పిల్లకు పాండవుల గుట్టల్లో ఆదిమానవులు గీసిన బొమ్మలు చూడాలని ఎప్పటినుంచో ఉంది. బావకు పదేళ్ల కిందట తాను డ్రిల్లు పట్టిన గ్రానైట్ క్వారీకి మళ్లీ ఒకసారి పోయి రావాలని ఉంది. నాకైతే చలికాలంలో ఒక రాత్రి ఆరుబయట పడుకోవాలని. మూడు కోరికలూ ఒకే తిరుగుడులో కుదిరాయి.

గుడారం అద్దెకు తీసుకున్నాం. దెబ్బ తిన్నది అక్కడే. ముగ్గురు పట్టే గుడారమని చెప్పి రాత్రికి నాలుగు వందలు, పైగా వెయ్యి అడ్వాన్సు తీసుకున్నారు. విప్పి చూపించమంటే దుకాణంలో జాగా లేదన్నారు. గుట్ట దగ్గర విప్పితే పైన కప్పే రెండో గుడ్డ లేదు, మేకులు అయిదే ఉన్నాయి. వాన లేని కాలం కదా, పై గుడ్డ లేకుంటే ఏమైతదిలే అనుకున్నాం. ఏమైందో రాత్రికి తెలిసింది. అద్దె గుడారాన్ని రోడ్డుమీదైనా సరే విప్పి, నిలబెట్టి చూసుకున్నాకే డబ్బులు ఇవ్వండి.

హనుమకొండ నుంచి పరకాల మీదుగా రేగొండ వైపు పోవాలి, యాభై కిలోమీటర్ల పైచిలుకు. పరకాలలో టిఫిన్ చేసి, తాగే నీళ్లు అక్కడే నింపుకున్నాం. ముగ్గురికి రెండు ఇరవై లీటర్ల క్యాన్లు ఎక్కువనిపించాయి గానీ చివరికి అరక్యాను కూడా మిగల్లేదు. రేగొండ దాటాక రావులపల్లి దారి పడితే చెట్ల మీదుగా గుట్టలు కనబడతాయి. వరంగల్ చుట్టుపక్కల మనకు అలవాటైన గుండ్రటి నల్ల గుండ్లు కావివి. అట్లు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు పొరలు పొరలుగా లేచిన ఇసుకరాయి. ఎర్రగా, పసుపుగా, ఎండ వంగినకొద్దీ రంగు మారుతూ ఉంటుంది. ఆ పొరల సందుల్లోనే సొరికెలు, గుహలు.

ఇక్కడ అటవీ సిబ్బంది మాటే నడుస్తుంది, అది మంచిది కూడా. ముందే అడిగి అనుమతి తీసుకోకుండా రాత్రి ఉండే ఆలోచన పెట్టుకోవద్దు. గుడారం ఎక్కడ వేయాలో వాళ్లే చూపించారు. ఎండిన ఆకుల్లో మంట పెట్టొద్దని గట్టిగా చెప్పారు. దారి చూపడానికి దగ్గరి ఊరి పిల్లగాడు ఒకడు వచ్చాడు. అతనికి అయిదు వందలు ఇచ్చాం. ఈ తిరుగుడు మొత్తంలో అంతకంటే సార్థకమైన ఖర్చు లేదు. మేం ఒంటరిగా పోయుంటే ఆ బొమ్మల ముందు నుంచే నడిచి, చూడకుండా వెనక్కి వచ్చేవాళ్లం.

ఎందుకంటే అవి బోర్డు పెట్టి చూపించే బొమ్మలు కావు. బండకు మొహం ఆనించినంత దగ్గరగా పోయి, చేతిని అడ్డం పెట్టుకుని, కళ్లు ఆ ఎరుపుకు అలవాటు పడేదాకా ఆగాలి. అప్పుడు మరకలా ఉన్నది అడవిదున్న అవుతుంది. దాని పక్కన జింక. ఇంకోచోట పులి, వృత్తాలు, చతురస్రాలు, స్వస్తిక్ గుర్తు, విల్లంబులు. ఎక్కువ ఎరుపే గానీ, పసుపు, తెలుపు, ఆకుపచ్చ గీతలూ ఉన్నాయి. ఇవి లోకానికి తెలిసింది 1990లో. అన్నీ ఒకే కాలంలో ఒకే చేయి గీసినవి కావు. మధ్యశిలాయుగం నుంచి చారిత్రక కాలం దాకా వచ్చినవాళ్లు వచ్చినట్టు గీసుకుంటూ పోయారు. ఎదురు పాండవులు అనే చోట భారత కథ బొమ్మలున్నాయి. గొంతెమ్మ గుహ, మేకల బండ, తుపాకుల గుండు లాంటి పేర్లన్నీ ఊరివాళ్లు పెట్టుకున్నవే. గొంతెమ్మ అంటే కుంతమ్మ. మా మేనకోడలు ఆ మాట విని, "మామా, మన ఊళ్లెనే ఉన్నట్టు పిలుస్తున్నరు గదా" అంది.

ఒక సొరికెలో దున్న బొమ్మకు జానెడు దూరంలో ఎవరో సుద్దతో తమ పేరు, తమ ప్రేమ రాసిపెట్టారు. దారి చూపే పిల్లగాడు ఆ చోటుకు రాగానే తల వంచుకున్నాడు, తానే తప్పు చేసినట్టు. బొమ్మలను తడిగుడ్డతో తుడిచి ఫొటో తీసుకునేవాళ్లు కూడా వస్తారట. దయచేసి ఆ పని చేయకండి. వేళ్లతో తాకను కూడా వద్దు.

తాళ్లు కట్టుకుని బండలెక్కేవాళ్లకు ఈ గుట్టలు బాగా పేరున్నవి. మేం ఆ జోలికి పోలేదు. నడకదారి మామూలు కాళ్లకు చాలు, కానీ ఇసుకరాయి అంచులు చేతికి తగిలితే చర్మం లేచిపోతుంది. చెప్పులతో రావద్దు, బూట్లు కావాలి.

రాత్రి సంగతి. చిన్న గ్యాస్ పొయ్యి మీద అన్నం, పచ్చిపులుసు, కాల్చిన అప్పడాలు. చీకటి పడ్డాక ఆ గుట్టల నల్లటి ఆకారాల మీద చుక్కలు ఎంత కిందికి దిగినట్టు ఉన్నాయో, హనుమకొండలో పుట్టి పెరిగిన పిల్లకు అది మొదటిసారి. ఫోన్ సిగ్నల్ ఒక్కో గీత వస్తూ పోతూ ఉంది. ఇంటికి చెప్పాల్సింది పొద్దుగూకక ముందే చెప్పుకోవాలి. పదకొండు దాటాక చలి ముదిరింది. రెండు గంటలకు మొహం మీద చుక్క పడింది, వెంటనే ఇంకోటి. వాన కాదు. మా ఊపిరి ఆవిరే పలుచటి గుడ్డకు లోపలివైపు పట్టి, చల్లబడి, బొట్లు బొట్లుగా కారుతోంది. బయటి నుంచి మంచు. రెండో గుడ్డ ఎందుకుంటుందో అప్పుడు తెలిసింది. బావ లేచి కారులోని తాటిపత్రి తెచ్చి గుడారం పైన, దానికి తగలకుండా కాస్త ఎడంగా చెట్టుకూ కారుకూ కట్టాడు. ఆ తర్వాత తెల్లారేదాకా నిద్రపట్టింది. దుప్పట్లు కాదు, కింద పరుచుకునే మందపాటి బొంత ముఖ్యం. చలి నేల నుంచే వస్తుంది.

మరుగుదొడ్డి విషయం ఆడపిల్లతో పోయేవాళ్లు ముందే అడిగి తెలుసుకోవాలి. మేం గుట్ట కిందికి నడిచాం. సౌకర్యమే ముందనుకుంటే గోవిందరావుపేట దగ్గరి లక్నవరం మేలు. చెరువు నడుమ గదులుంటాయి, వేలాడే వంతెన ఉంది, పడవ ఉంది, వేడి వేడి అన్నం దొరుకుతుంది. పోయినేడు ముసలివాళ్లను తీసుకుని అక్కడికే పోయాం, వాళ్లకు బాగా నచ్చింది. ఆదివారం మాత్రం అక్కడ జాతరే. నిశ్శబ్దం కావాలంటే నా ఓటు పాండవుల గుట్టలకే.

రెండోరోజు మధ్యాహ్నం పరకాల, హుజూరాబాద్ మీదుగా కరీంనగర్ దారి పట్టాం. ఉప్పల్ రైల్వే స్టేషన్ (హైదరాబాద్ ఉప్పల్ కాదు) దగ్గరికి రాగానే బావ కారు ఆపమన్నాడు. ఆయన పనిచేసిన రోజుల్లో క్వారీలో తీసిన గ్రానైట్ బ్లాకులు లారీల మీద ఇలాంటి స్టేషన్లకు వచ్చి, గూడ్సు బండెక్కి కాకినాడ రేవుకు పోయేవి. అక్కడి నుంచి ఎక్కువగా చైనాకు. "మనం దీసిన రాయి సముద్రం దాటింది గని, మనం కాకినాడ సుత సూడలే" అన్నాడు.

కరీంనగర్‌లో లాడ్జి గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. గది శుభ్రంగా ఉంది, దుప్పట్లు ఉతికినవి, పదమూడు వందలు. వేడినీళ్లు రోజంతా ఉంటాయని చెప్పి పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకే ఇచ్చారు. ముందు రాత్రి మంచులో తడిసినవాళ్లకు అది చిన్న లోటు కాదు.

మూడోరోజు పొద్దున జగిత్యాల రోడ్డు ఎక్కాం. సుమారు ఇరవై కిలోమీటర్లు పోతే గంగాధర ప్రాంతం. ఈ దారిలో గుట్టల ఆకారం చూస్తేనే గుండె కలుక్కుమంటుంది. కొన్ని సగమే ఉన్నాయి. కత్తితో కోసిన జున్నుముక్కలా ఒకవైపు నిలువునా చదును, ఇంకోవైపు పాత పొదలు. బావ పనిచేసిన క్వారీ మూతపడి ఏళ్లయింది. మూతపడినా ఆ జాగా ఎవరిదో ఒకరిదే, అడగకుండా లోపలికి పోకూడదు. బావకు తెలిసిన కావలి మనిషి ఉండబట్టి మేం పోగలిగాం. ఆయన మా వెంటే ఉన్నాడు.

రాయి అంటే మనకు బడిలో దిద్దిన పలక గుర్తొస్తుంది. పలకరాయి మార్కాపురం నేలది. నేల ఒత్తిడికి పొరలు తేలిన రాయి కాబట్టి ఉలి పెట్టి తడితే రేకులుగా విడుతుంది. గ్రానైట్‌కు అట్లాంటి పొరలుండవు. సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట నేల అడుగున కరిగి, మెల్లగా గట్టిపడ్డ ముద్ద అది. ఎటు చీల్చాలో మనిషే గీత గీయాలి. ఆ గీతలన్నీ క్వారీ గోడమీద ఇంకా ఉన్నాయి. బెత్తెడు ఎడంతో పైనుంచి కిందికి బారులు తీరిన సగం గొట్టాల్లాంటి చారలు. బావ ఒక చారలో వేళ్లు పెట్టి కిందికి జరిపాడు.

"ఇవి జాకమర్ పొక్కలు. వరుసగ కొట్టి, మందు పెట్టి లేపేది. గా నున్నగున్నదంత వైర్ సా కోసింది." జాకమర్ అంటే రాయిలో పొక్క కొట్టే చేతి డ్రిల్లు, మందు అంటే పేలుడు మందు.

వైర్ సా పని ఆయన చెబుతుంటే పిల్ల నోరు తెరిచి విన్నది. పైనుంచి ఒక పొక్క, పక్క నుంచి ఒక పొక్క కొడతారు. రెండూ లోపల కలవాలి. వాటిలోంచి వజ్రపు పూసలు గుచ్చిన తీగ దూర్చి, రెండు కొసలూ కలిపి మిషన్‌తో లాగుతారు, నీళ్లు పోస్తూ. సబ్బును దారంతో కోసినట్టు కొండ తెగుతుంది. రెండు పొక్కలు లోపల కలిసేలా కొట్టడమే పనితనం. బావ ఆ పనిలో ఆరితేరినవాడు. ఆ సంగతి మా ఇంట్లో ఇన్నేళ్లూ ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

ఈ రాయికి వ్యాపారంలో టాన్ బ్రౌన్ అని పేరు. తడిపితే నల్లని నేలలో ఇటుకరంగు పలుకులు మెరుస్తాయి. బ్లాకులో ఒక సన్నని చీలికో, తెల్లని చారో కనబడితే కొనేవాడు పక్కన పెట్టేస్తాడు. అందుకే తీసిన రాయిలో ఎక్కువ భాగం చుట్టూ కుప్పలుగా పడి ఉంది, ఇంటెత్తు రాళ్లు. ఆ కుప్పలమీద మాత్రం ఎక్కొద్దు. ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డవే గానీ పాతుకున్నవి కావు.

గుంత అడుగున నీళ్లు. ఆకాశం కంటే నీలంగా, కదలకుండా. ఈత వచ్చినవాళ్లకు మనసు లాగుతుంది. పిల్ల ఫొటో కోసం అంచుకు రెండడుగులు వేసిందో లేదో బావ ఎన్నడూ లేనంత గట్టిగా అరిచాడు: "ఎన్కకు రా బిడ్డా!" తర్వాత మెల్లగా చెప్పాడు. చెరువుకు కట్ట వాలుగా ఉంటుంది, కాలు ఆనుతుంది. ఇక్కడ గోడ నిలువు, పట్టుకోవడానికి గడ్డిపోచ ఉండదు, మొదటి అడుగే నిలువు లోతు. దిగినవాడు ఎక్కే దారి లేక చచ్చిపోతాడు. ఎండాకాలంలో పిల్లల్ని తీసుకుని ఇట్లాంటి గుంతలకు పోయేవాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి. గుంత చుట్టూ కనీసం తీగ కంచె లేదు.

కావలి మనిషి చాయ్ పోస్తుంటే బావ అప్పటి రోజులు చెప్పాడు. రోజంతా జాకమర్ పట్టినాక అన్నం ముద్ద చేతిలో నిలిచేది కాదట, అంత తిమ్మిరి. మూతికి తువ్వాల తప్ప ఇంకేం ఉండేది కాదు. ఆ దుమ్ములోని సిలికా ఊపిరితిత్తులను గట్టిపరిచేస్తుంది, వచ్చిన జబ్బు వెనక్కి పోదు. తనతో పనిచేసిన ఇద్దరు ఇప్పుడు నాలుగు మెట్లు ఎక్కలేరని చెప్పి ఆగిపోయాడు. గుట్టలు పోవడంతో ఎలుగుబంట్లు ఊళ్లలోకి వస్తున్నాయని కావలి మనిషి మాట మార్చాడు.

అక్కడికి దగ్గర్లోనే కురిక్యాల. బొమ్మలమ్మ గుట్ట. క్వారీ చూసినవాళ్లు ఇది చూడకుండా తిరిగి రావద్దు. బోర్డు సరిగా కనబడదు, ఊళ్లో అడిగితే ఎవరైనా చెబుతారు. ఎక్కడం కొంచెం కష్టమే, చివర బండను చేతులతో పట్టుకోవాలి. పైన జైన దేవత చక్రేశ్వరి, జైన తీర్థంకరుల బొమ్మలు. వాటి కింద బండమీదే శాసనం. క్రీ.శ. 945 ప్రాంతంలో జినవల్లభుడు చెక్కించాడు. వేములవాడ చాళుక్య రాజు రెండో అరికేసరి కొలువులోని కన్నడ కవి, పంప మహాకవి తమ్ముడు ఆయన. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషలూ ఉన్నాయి. తెలుగులో మూడు కంద పద్యాలు. నన్నయ భారతానికి సుమారు నూరేళ్ల ముందే, మా కరీంనగర్ గుట్టమీద కందం నడక తప్పకుండా నడిచింది. జినభవనాలు, అంటే జైన గుడులు ఎత్తించడంలో, పూజల్లో, మునులకు అన్నం పెట్టడంలో జినవల్లభునికి సాటి ఎవరని ఒక పద్యం అడుగుతుంది.

ఈ గుట్టకూ క్వారీ ముప్పు వచ్చింది. అక్షరాలుండబట్టి జనం అడ్డం నిలబడ్డారు. పక్క గుట్టలకు అట్లా అడ్డుపడేవాళ్లు లేరు. పొద్దున చూసిన గోడ కళ్లముందు ఇంకా ఉండగానే ఈ బండ ముందు నిలబడటం వల్ల, నాకు ఈ రెండూ విడివిడి యాత్రలుగా అనిపించలేదు.

మేనకోడలు అక్షరాల దగ్గరగా మొహం పెట్టి చాలాసేపు చూసింది. పాత లిపి, ఒక్క ముక్క అందదు. ఉన్నట్టుండి "మామా, ఇది న గదా!" అంది. న అవునో కాదో చెప్పగలిగే చదువు నాకు లేదు. బావ చూపు అక్షరాల మీద లేదు, వాటి గాడుల మీద ఉంది. "ఉలి దెబ్బ. లోతు అంతట ఒక్కతీరుగున్నది సూడు" అన్నాడు. ఆయన వేలు రాయిని తాకకుండా, గాలిలోనే ఆ గాడి వెంట నడిచింది.

మిగిలిన సకినాలు అక్కడే కూర్చుని తిన్నాం. అవతలెక్కడో ఇంకా నడుస్తున్న క్వారీ నుంచి కంప్రెషర్ చప్పుడు పొద్దుటినుంచీ వినబడుతూనే ఉంది. అది ఒక్కసారిగా ఆగింది. బావ గడియారం చూడకుండానే అన్నాడు:

"ఒంటిగంటయింది. బువ్వలకు లేసిండ్రు."