ఇంటి లెక్కకి ఏది మేలు: పుస్తకమా, యాపా, షీటా?

పాల లెక్కకి గోడ మీది తెలుగు క్యాలెండర్‌ని మించింది లేదు. పాలు వద్దన్న రోజు గడిలో ఒక అడ్డగీత, ఎక్కువ పోయించుకున్న రోజు ‘అర’ అని ఒక ముక్క. గ్యాస్ బండ మార్చిన తేదీ కూడా అక్కడే. నెలాఖరున పాలబ్బాయీ ఇంటావిడా ఆ కాగితం ముందే నిలబడి తేల్చేసుకుంటారు. దీన్ని కూడా ఎక్సెల్‌లోకి ఎక్కిస్తామనేవాళ్ళకి ఓ దండం.

అన్ని లెక్కలూ ఇంత తేలిక కావు. గోదావరి జిల్లాల్లో సేద్యం ఉన్న ఇంటికి డబ్బు నెలనెలా రాదు. సార్వా (వానాకాలం పంట) ధాన్యం డబ్బు సంక్రాంతి చుట్టుపక్కల, దాళ్వా (రెండో పంట) డబ్బు ఎండాకాలంలో, కొబ్బరి డబ్బు దింపు తీసినప్పుడల్లా చేతికొస్తుంది. ఖర్చు మాత్రం రోజూ ఉంటుంది. లెక్క దేంట్లో రాసుకోవాలన్నది ఇక్కడ ఈ తేడాని బట్టే చూసుకోవాలి.

యాప్ సంగతి ముందు చెప్పేస్తాను, చెప్పాల్సింది తక్కువ కాబట్టి. ఖర్చుల యాప్‌లు చాలావరకు బ్యాంకు మెసేజ్‌లు చదివి పట్టీ తయారుచేస్తాయి. భీమవరంలో జీతాల మీద ఉండే జంటకి అది బాగానే పనికొస్తుంది. దింపు కూలి, ఒలుపు కూలి, ఊడ్పుల రోజు టీలూ టిఫిన్లూ చేతి డబ్బుతో అయ్యేవి. వాటికి మెసేజ్ రాదు. ఫోన్‌పేలో కొట్టినా మనిషి పేరు పడుతుందే తప్ప అది ఎరువుల బాకీయో, పెళ్ళి చదివింపో యాప్‌కి తెలీదు. పైగా అది ఎప్పటిదాకా ఉంటుందో మన చేతిలో లేదు. అమెరికాలో బాగా పేరున్న మింట్ అనే ఖర్చుల యాప్‌ని దాని కంపెనీ 2024లో మూసేసింది.

పుస్తకానికున్న బలం వేరు. ఎదుటిమనిషి చూస్తుండగా రాయొచ్చు. కూలీకి అడ్వాన్స్ ఇచ్చినా, ఎవరికైనా చేబదులిచ్చినా ‘ఇదిగో, రెండు వేలు రాశాను చూడు’ అని అక్కడే సంతకం పెట్టించుకోవచ్చు. తుఫానుకి కరెంటు పోయి, సిగ్నల్ లేకపోయినా దానికి ఇబ్బంది లేదు. రొయ్యల చెరువుల మీద మేత లెక్క రాసేవాళ్ళు తడి చేతులతో గట్టు మీద నిలబడి ఫోన్ తెర మీద వేలు పెట్టి చూస్తే తెలుస్తుంది, పెన్ను ఎంత హాయో. చిక్కల్లా కూడిక దగ్గర. పోయిన సార్వాకి పురుగుమందులకి ఎంతయింది అని అడిగితే పుస్తకం మొత్తం తిరగేయాలి. తిరగేసేలోపు ఎవరో ఒకరు కాఫీకి పిలుస్తారు, లెక్క అక్కడితో ఆగిపోతుంది.

షీటు, అంటే ఎక్సెల్ లాంటి గడుల పట్టిక, అసలు పుట్టిందే ఒక అంకె మారితే మిగతావన్నీ మళ్ళీ వేసుకునే బాధ తప్పించడానికి. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ తెచ్చిన విసికాల్క్ అనే ప్రోగ్రాం దగ్గర్నుంచి ఇప్పటి గూగుల్ షీట్స్ దాకా దాని ప్రాణం అందులోనే ఉంది.

పాలకొల్లు దగ్గర మా బాబాయి ఒక ఎకరం కౌలుకి తీసుకుందామనుకున్నాడు. 2025-26కి సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాకి 2,369 రూపాయలు. అంటే 75 కిలోల బస్తాకి 1,776 రూపాయల 75 పైసలు. దిగుబడి 35 బస్తాలు, పెట్టుబడి 30,000, కౌలు 15 బస్తాలు అనుకుని గడుల్లో వేశాం. కౌలు పోను 20 బస్తాలకి 35,535 వస్తుంది. పెట్టుబడి తీసేస్తే మిగిలేది 5,535. ఆసామి మాత్రం 18 బస్తాలడుగుతున్నాడు. మూడు బస్తాల దగ్గర బేరమెందుకని బాబాయి ఒప్పేసుకునేలా ఉన్నాడు. గడిలో 15 తీసి 18 కొట్టగానే అడుగున 205 వచ్చింది.

‘ఎంతా? రెండొందల ఐదా? మళ్ళీ కొట్టు నాన్నా.’

మళ్ళీ కొట్టినా అంతే. తేమ ఉందని కోత పెట్టి బస్తాకి 1,600 ఇస్తే ఎలా ఉంటుందని ధర గడి మార్చి చూశాం. పాత కౌలుకే రెండు వేలు మిగిలింది. ఇందులో ఆయన ఒంటి కష్టానికి పైసా వేయలేదు. ఇదే పని పుస్తకంలోనూ చెయ్యొచ్చు, కాదనను. కానీ నాలుగు రకాలుగా వేసి చూసే ఓపిక ఎవరికుంటుంది?

చీటీ పాట దగ్గరా అంతే. ఫలానా నెలలో ఇంత తోసి పాడుకుంటే అసలు ఎంత వడ్డీ పడినట్టు? నెలనెలా కట్టేవి మైనస్‌లో, అందుకున్న సొమ్ము ప్లస్‌లో, పక్క వరుసలో తేదీలు పెట్టి ఎక్స్‌ఐఆర్‌ఆర్ ఫార్ములా వేస్తే ఏడాది వడ్డీ రేటు చెప్పేస్తుంది. దాన్ని ఊళ్ళో నూటికి రెండు రూపాయల అప్పుతో, అంటే ఏడాదికి 24 శాతంతో, బ్యాంకు బంగారం లోనుతో పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

నా మటుకు నేను చెప్పేదేమంటే, రోజువారీ ఖర్చు, ఇచ్చిపుచ్చుకోవడాలు పుస్తకంలో. వారానికోసారి పద్దులవారీగా షీటులోకి. ఉద్యోగస్తులైతే పుస్తకం మానేసి, గూగుల్ ఫామ్‌లో ఎంత, దేనికి అని రెండు ప్రశ్నలు పెట్టి ఫోన్ తెర మీద ఉంచుకుంటే చాలు. నింపిన ప్రతిసారీ తేదీతో సహా షీటులో వరుస పడిపోతుంది.

నెలకో షీటు మాత్రం పెట్టకండి, చాలామంది అక్కడే చెడగొట్టుకుంటారు. డిసెంబరులో మొదలైన దాళ్వా ఖర్చు ఏప్రిల్ దాకా సాగుతుంది. ముక్కలు చేస్తే పంట లెక్క ఎప్పటికీ తేలదు. ఒకే పొడుగాటి పట్టిక చాలు: తేదీ, పద్దు, వివరం, వచ్చింది, పోయింది, చివర్లో ‘దేని కింద’ అనే నిలువు వరుస. ఆ వరుసలో సార్వా 2025, దాళ్వా 2026, కొబ్బరి, ఇల్లు. సమ్‌ఇఫ్స్ ఫార్ములాతో ఏ పంటకాపంట విడదీసుకోవచ్చు. ఈ పేర్లు చేత్తో కొట్టకుండా, జాబితాలోంచి ఎంచుకునేలా డ్రాప్‌డౌన్ పెట్టండి. ఒకసారి ‘కొబ్బరి’, ఇంకోసారి ‘కొబ్బరి తోట’ అని రాస్తే షీటు రెండు వేర్వేరు పద్దులనుకుంటుంది.

తేదీల దగ్గర కూడా ఒక చిక్కుంది. షీటు సెట్టింగ్స్‌లో లొకేల్ (ఏ దేశపు పద్ధతి అన్నది) అమెరికా అని ఉంటే, జూన్ 5 అనుకుని 05/06 కొట్టింది మే 6 అయిపోతుంది. 13/06ని అసలు తేదీగానే తీసుకోదు. ముందే ఇండియా అని మార్చుకోండి.

ఇంకొకటి. షీటు కట్టిన పిల్లాడు హైదరాబాద్‌లో ఉద్యోగానికి పోతే ఇంట్లోవాళ్ళకి ఏ గడి ఏమిటో తెలియకుండా పోతుంది. ఇంట్లో ఇద్దరికైనా షేర్ చేసి, ఫార్ములా గడులు ఎవరూ పొరపాటున చెరిపెయ్యకుండా ప్రొటెక్ట్ పెట్టి వెళ్ళమనండి.