దడిలో ఖాళీ పూడ్పించాను: పది నెలల తర్వాత నా సమీక్ష

మా మామగారు నాటిన బంగారు డ్యురాంటా (పసుపు ఆకుల పొద మొక్క) దడి భుజమెత్తు ఉంటుంది. నడుమ ఒక మొక్క ఎండిపోయి మూడడుగుల ఖాళీ పడింది. నేనే రెండుసార్లు పూడ్చబోయాను. ఖాళీ వెంటనే నిండిపోవాలని నడుమెత్తు మొక్కలు తెచ్చి పెట్టాను. రోజూ నీళ్ళు పోసినా రెండూ బతకలేదు. అప్పుడు ఈ నర్సరీ వాళ్ళకు పని అప్పజెప్పాను.

వచ్చినతను చేతిలో మొక్క లేకుండా, గునపం, పార, చేతిరంపంతో వచ్చాడు. ‘మొక్క సంగతి తర్వాతమ్మా, ముందు కింద ఏముందో చూద్దాం’ అన్నాడు. నేను పెట్టిన రెండో మొక్కను పీకి చూపించాడు. వేర్లు ఇంకా కుండీ ఆకారంలోనే చుట్టుకుని ఉన్నాయి, చుట్టూ మట్టిలోకి ఒక్కటీ పోలేదు. ఆ చుట్టూ పక్క మొక్కల వేర్లు వలలా అల్లుకుని ఉన్నాయి. నేను పోసిన నీళ్ళన్నీ అవే తాగేశాయి! పాత మోడు వేరు కోసి వాసన చూశాడు, చెదలు వెతికాడు. వేరుకుళ్లు ఉంటే అదే జాతి మళ్ళీ పెట్టకూడదట. అదృష్టం కొద్దీ అది లేదు.

మోడు పూర్తిగా తవ్వి తీసి, రెండు వైపులా చొచ్చుకొచ్చిన వేర్లు కోసి, అవి మళ్ళీ త్వరగా రాకుండా పాత రేకు ముక్కలు నిలువుగా దించాడు. అలసిపోయిన మట్టి తీసేసి, కొత్త మట్టిలో బాగా చివికిన పశువుల ఎరువు కలిపి నింపాడు. మా దడి కొమ్మలే కత్తిరించి తీసుకెళ్ళి, వేళ్ళూనాక మూరెడు మొక్కలు మూడు తెచ్చి నాటాడు. చిన్నవైతే త్వరగా వేరు పట్టుకుంటాయన్నాడు, అలాగే పట్టుకున్నాయి.

నాకు బాగా నచ్చింది నేల అంటు. పక్క మొక్క అడుగు కొమ్మను ఖాళీ వైపు వంచి, కిందవైపు బెరడు కొంచెం గీకి, ఆ చోటు మట్టిలో పూడ్చి రాయి పెట్టాడు. కొన కట్టెకు కట్టాడు. తల్లి పాలు తాగుతూనే సొంత వేర్లు వేసుకుంటుంది ఆ కొమ్మ. నాలుగు నెలలకు లాగి చూస్తే కదల్లేదు, అప్పుడు కోసి వేరు చేశాడు.

కొత్త ఆకులు పసుపు కాకుండా పచ్చగా రావడంతో కంగారుపడి ఫోన్ చేశాను. ‘మీ దడి కొమ్మలే కదమ్మా, ఎండ చాలట్లేదు’ అని, వచ్చి ఇరుపక్కల జానెడు కత్తిరించాడు. ఖాళీ ఇంకా పెద్దదైనట్టు కనిపించి ఆరోజు మనసు చివుక్కుమంది. కానీ నెల తిరక్కుండానే చిగుళ్ళకు బంగారు రంగు వచ్చింది.

లోపాలూ చెప్పాలి. పదిహేను రోజులకు వస్తామని నెలన్నరకు వచ్చారు, అదీ మూడు ఫోన్ల తర్వాత. మోడు ముక్కలు దారిలోనే వదిలేశారు. నీళ్ళ గురించి సరిగా చెప్పలేదు. రోజూ పైపైన చల్లడం కంటే, వేలు రెండంగుళాలు గుచ్చి పొడిగా తగిలినప్పుడే పాదు నిండా పోయడం మేలని నాకు నేనే తెలుసుకున్నాను.

ఐదుకు నాలుగు ఇస్తున్నాను. మొక్కలు ఇప్పుడు నడుమెత్తున ఉన్నాయి. అడుగు నుంచి గుబురుగా రావాలని వారం క్రితమే కొనలు తుంచాను. పైన ఖాళీ ఇంకా కనిపిస్తోంది, కింద మాత్రం కుక్కపిల్ల దూరే సందు కూడా లేదు.